కాలిఫోర్నియా ప్రెసిడెంట్ ప్రైమరీ: అపోహలు - వాస్తవాలు

ప్రెసిడెంట్ పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక ప్రైమరీ. అందులో ఓట్లు లెక్కపెట్టేది ప్రభుత్వం. ఎవరిని ఓటెయ్యనివ్వాలో, ఆ ఓట్లకు ఎన్ని డెలిగేట్లు (పార్టీ సమావేశంలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) ఇవ్వాలో తేల్చేది పార్టీ. తికమకంతా ఇక్కడే.

అపోహ: ఏ పార్టీలోనూ లేనివాళ్లు ఎవరికైనా ఓటెయ్యొచ్చు.

సెనెట్ లాంటి పోటీలకు నిజమే. అక్కడ పార్టీతో పని లేకుండా మొదటి ఇద్దరూ నవంబరుకు వెళ్తారు. ప్రెసిడెంట్ పోటీ అలా కాదు. 2024లో డెమోక్రటిక్, లిబర్టేరియన్, అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీలు బయటివాళ్లను రానిచ్చాయి, రిపబ్లికన్లు రానివ్వలేదు. రానిచ్చినా, అడిగినవాళ్లకే. 'నో పార్టీ ప్రిఫరెన్స్' అని నమోదైనవాళ్లకు పోస్టులో వచ్చే బ్యాలట్‌లో ప్రెసిడెంట్ పోటీయే ఉండదు. కౌంటీ ముందుగా పంపే కార్డు మీద పార్టీని ఎంచుకుని తిప్పి పంపాలి. మరిచిపోతే ఆ బ్యాలట్‌ను పోలింగ్ కేంద్రంలో ఇచ్చేసి, డెమోక్రటిక్ బ్యాలట్ కావాలని అడిగి తీసుకోవాలి. రిపబ్లికన్‌కు వెయ్యాలంటే పార్టీ మార్చి మళ్లీ నమోదు కావాలి. పోలింగ్ రోజున కూడా చేసుకోవచ్చు. ఖాళీగా ఉన్నచోట చేత్తో పేరు రాస్తే లెక్కలోకి రాదు.

ఇంకో ఉచ్చు: 'అమెరికన్ ఇండిపెండెంట్' అంటే స్వతంత్రులని కాదు. 1968లో జాతుల వేర్పాటును సమర్థించిన జార్జ్ వాలెస్‌ను నిలబెట్టిన పార్టీ అది.

అపోహ: గెలిచినవాళ్లకే డెలిగేట్లంతా.

2020లో డెమోక్రాట్ల 415 మంది డెలిగేట్లలో 271 మంది కాంగ్రెస్ నియోజకవర్గాల లెక్కన, 144 మంది రాష్ట్రమంతటి లెక్కన. రెండు చోట్లా గీత 15 శాతం, అంతకంటే తక్కువ ఓట్లు వస్తే అక్కడ డెలిగేట్లు రారు. రాష్ట్రం మొత్తం మీద పోటీలో ఉన్న వారెన్‌కు 13, బ్లూంబర్గ్‌కు 12 శాతం వచ్చాయి కాబట్టి ఆ 144లో ఇద్దరికీ సున్నా. కొన్ని నియోజకవర్గాల్లో గీత దాటినందుకు 11, 7 దక్కాయి. గీత దాటనివాళ్ల వాటా దాటినవాళ్లకే చేరుతుంది. అందుకే శాండర్స్‌కు 36 శాతం ఓట్లతో 225 మంది, అంటే సగానికి పైనే. బైడెన్‌కు 172.

రిపబ్లికన్ల లెక్క వేరు: 2024లో సగం దాటినవాళ్లకు మొత్తం 169. 17 శాతం తెచ్చుకున్న హేలీకి ఒక్కరూ రాలేదు. డెమోక్రాట్ల గీత ప్రకారమైతే వచ్చేవారే!

అపోహ: వారాల తరబడి లెక్కిస్తున్నారంటే ఏదో జరుగుతోంది.

పోలింగ్ రోజులోగా పోస్టుముద్ర పడి, 7 రోజుల్లోపు చేరిన కవరునూ 2024లో తీసుకున్నారు. కవరు విప్పే ముందు ప్రతి సంతకాన్నీ రికార్డుతో పోల్చాలి. కలవకపోతే ఓటరుకు కబురు పంపి, సరిదిద్దుకునే అవకాశమివ్వాలి. ఆపై 1 శాతం కేంద్రాల ఓట్లను చేత్తో మళ్లీ లెక్కిస్తారు. ఆ రాత్రి టీవీలో చెప్పేది అంచనా మాత్రమే.

అపోహ: గ్రీన్ కార్డు ఉంటే ప్రైమరీలో ఓటెయ్యొచ్చు.

లేదు. డీఎంవీలో (డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసు) ఓటరు నమోదు కూడా జరిగే లైసెన్సు ఫారం నింపేటప్పుడు పౌరసత్వం గడిని చూసి నింపండి. పొరపాటున నమోదై ఓటేస్తే, సిటిజెన్‌షిప్ దరఖాస్తు దగ్గర అదే అడ్డుపడుతుంది.