పాట కావాలి, పాడే మనిషి మాట వద్దా?

ధర్మాబాద్ (మహారాష్ట్ర)

బిడ్డలారా,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీరడిగిన ప్రశ్నకు సగమే జవాబు చెప్పగలిగాను. ఇంతలో మీ బండి టైమైంది. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

"తాతా, ఆ అమెరికా పాటగత్తె బియాన్సేకి అంత ఆస్తి ఉంది, ఇంటినిండా అవార్డులున్నాయి. ఆమె కూడా నల్లజాతి మనిషినని పక్కన పెట్టారంటే ఎట్ల నమ్మాలి?" అని మీలో పెద్దది అడిగింది. ఆమె పేరు కోసమే అట్లా అంటోందని చిన్నవాడు తేల్చేశాడు. ఈ మాట మీరు కనిపెట్టింది కాదు. నోరు విప్పిన ప్రతి పాటగాడికీ, పాటగత్తెకూ లోకం ఇచ్చిన మొదటి జవాబు ఇదే. ఆ మనిషి చెప్పింది నిజమా కాదా అని ఎవరూ అడగరు. నీకేం తక్కువైందని అడుగుతారు.

ఆమె సంగతే చూడండి. 2024లో 'కౌబాయ్ కార్టర్' అనే ఆల్బమ్ తెచ్చింది. అమెరికాలో కంట్రీ అనే ఒక రకం సంగీతం ఉంది. అది పల్లెటూరి తెల్లవాళ్ళ సొత్తని అక్కడ చాలామంది అనుకుంటారు. కానీ ఆ సంగీతానికి ప్రాణమైన బాంజో వాయిద్యం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చేతుల్లో పుట్టింది. కొన్నేళ్ల కిందట ఒకచోట తనను రానిచ్చినట్టు అనిపించలేదని, ఈ ఆల్బమ్ ఆ అనుభవంలోంచే వచ్చిందని విడుదలకు ముందు ఆమె రాసింది. చోటు పేరు చెప్పలేదు. 2016లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల వేదిక మీద ఆమె పాడినందుకు ఎన్ని తిట్లు పడ్డాయో గుర్తున్నవాళ్ళు అదేనని అనుకున్నారు. 2024లో ఆ సంస్థ అవార్డులకు ఈ ఆల్బమ్‌కు ఒక్క నామినేషన్ కూడా దక్కలేదు. 2025 ఫిబ్రవరిలో గ్రామీ సంగీత అవార్డుల్లో మాత్రం ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గానూ, ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గానూ గెలిచింది. గెలిచింది కదా, ఇంక వివక్ష ఎక్కడుందని అన్నారు. ఓడితే పాట బాగాలేదనేవాళ్ళు, గెలిస్తే బాధ అబద్ధమనేవాళ్ళు. ఇట్లాగైతే ఆ మనిషి ఎప్పుడు మాట్లాడాలి?

అదే కంట్రీ సంగీతంలో చార్లీ ప్రైడ్ అని గొప్ప గాయకుడు ఉండేవాడు. 1966లో ఆయన మొదటి రికార్డులను కంపెనీ వాళ్ళు ఫోటో లేకుండా రేడియో స్టేషన్లకు పంపారు. గొంతు విని జనం మెచ్చారు. తర్వాత డెట్రాయిట్‌లో ఒక పెద్ద సభ. పేరు పిలవగానే చప్పట్లు హోరెత్తాయి. ఆయన వేదిక మీదికి నడిచి వచ్చేసరికి ఆ చప్పట్లు ఒక్కసారిగా సద్దుమణిగాయి. నవ్విస్తూ నాలుగు మాటలు చెప్పి ఆయన వాళ్ళను తనవైపు తిప్పుకున్నాడు. నాకు ఆ సద్దుమణగడం దగ్గరే మనసు ఆగిపోతుంది. గొంతు అదే, పాట అదే. మధ్యలో మారింది ఒంటి రంగు కళ్ళబడటం ఒక్కటే. 2000లో ఆయనను కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు, ఆ గౌరవం అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే.

ఊరుకుంటే బతకనిస్తారా అంటే, అదీ లేదు. నాట్ కింగ్ కోల్ మెత్తటి గొంతున్న మెత్తటి మనిషి. 1956 ఏప్రిల్ 10న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో తెల్లవాళ్ళకు మాత్రమే పెట్టిన కచేరీలో పాడుతుంటే కొందరు వేదిక ఎక్కి మీద పడి కొట్టారు. దెబ్బలు తిన్న ఆయనకు ఓదార్పు దొరకాలి కదా! కానీ నల్లజాతి పత్రికలు, సంఘాలు కూడా ఆయననే నిలదీశాయి. తెల్లవాళ్ళకు వేరుగా, నల్లవాళ్ళకు వేరుగా పెట్టే సభలో అసలు ఎందుకు పాడావని అడిగాయి. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, అందులో న్యాయం ఉంది. అయినా కొట్టినవాళ్ళ మీద ఉండాల్సిన చూపు దెబ్బ తిన్నవాడి మీదికి తిరిగింది. తర్వాత ఆయన నల్లవాళ్ళ హక్కుల సంఘంలో జీవిత సభ్యుడయ్యాడు.

ఇక నీనా సిమోన్. ఈమె గురించి రాస్తుంటే నాకు పెన్ను ఆగదు. చిన్నప్పటి నుంచి పియానోలో శాస్త్రీయ సంగీతం నేర్చింది. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయం ఆమెకు సీటు ఇవ్వలేదు. రంగు చూసే ఇవ్వలేదని ఆమె బతికినంత కాలం నమ్మింది. పొట్టకూటికి బార్లలో పాడి పేరు తెచ్చుకుంది. 1963 సెప్టెంబరులో అదే బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లలను చంపారు. మీ ఈడు పిల్లలే. ఆ కోపంలో ఆమె 'మిసిసిపీ గాడ్డామ్' అనే పాట కట్టింది. దక్షిణాది రేడియోలు కొన్ని దాన్ని వేయలేదు. సౌత్ కెరొలైనా వ్యాపారి ఒకడు ఆమె రికార్డుల పెట్టెను వెనక్కి పంపితే, విప్పి చూస్తే ఒక్కో రికార్డూ రెండు ముక్కలుగా విరిచి ఉంది. పాట నచ్చకపోతే కొనకుండా ఊరుకోవచ్చు. కూర్చుని ఒక్కొక్కటీ విరిచారంటే ఆ మాట వాళ్ళకు ఎక్కడో తగిలిందన్నమాట. 2003లో కర్టిస్ విద్యాలయం ఆమెకు గౌరవ పట్టా ఇచ్చింది. ఆ తర్వాత రెండు రోజులకే ఆమె కన్నుమూసింది.

అది అమెరికా, అక్కడ రంగు. మరి మన దగ్గర? ఇక్కడ నేను కులం సంగతి చెప్పకుండా ఉత్తరం ముగిస్తే మీకు అన్యాయం చేసినట్టే.

మీ బడిలో మరాఠీవాళ్ళు హలగీ అనేది, మన ఇళ్ళలో డప్పు అనేదాన్ని మీరు పెళ్ళిళ్ళలో చూశారు. అటు మాంగు వాడవాళ్ళు, ఇటు మాదిగ వాడవాళ్ళు తరతరాలుగా వాయిస్తున్నారు. గడ్డి మంట పెట్టి తోలు బిగుసుకునేదాకా కాచి, కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల పట్టి మొదటి దెబ్బ వేస్తే ముసలివాళ్ళకు కూడా కాలు ఆగదు. ఇక్కడికి దగ్గరి ఊళ్ళో ఒక పెళ్ళిలో డప్పు దళానికి పెద్దగా వచ్చిన పిల్లవాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, ఊరేగింపు కదలకముందే రెండు మాటలు చెప్పాడు. కులం పేరు పెట్టి కేకేయొద్దు, పేరు పెట్టి పిలవండి. భోజనం మాకు వాకిలి బయట పెట్టొద్దు, బంతిలో పెట్టండి. పెద్దమనిషి ఒకాయన లేచి, "వాయించను వచ్చినవా, ఉపన్యాసం చెప్పను వచ్చినవా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పెళ్ళికూతురి మేనత్త ఒక్కతి మాత్రం ఏమీ అనకుండా పోయి బంతి చివర వాళ్ళకు విస్తళ్ళు వేసి వచ్చింది. మరుసటి ఏడు ఆ ఇంట్లో ఇంకో పెళ్ళి అయితే డప్పు దళాన్ని పిలవలేదు, డీజే పెట్టారు. ఆ పిల్లవాడు తర్వాత హైదరాబాద్‌కు కూలికి పోయాడు.

బయటి దేశం వాళ్ళు రికార్డులు విరిస్తే మనకు తప్పని వెంటనే తోస్తుంది. మన వాకిట్లో పిలుపు ఆగిపోతే అది మనకు వార్తే కాదు.

పెద్ద సభల్లోనూ ఇదే వరస. 2020లో కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం.కృష్ణ మృదంగాలు చేసే కుటుంబాల గురించి పుస్తకం రాశారు. వాళ్ళలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. మృదంగానికి ఆవు తోలు కావాలి, ఆ తోలు పని చేసేవాళ్ళు మాత్రం సభకు అక్కర్లేదన్న సంగతి అందులో ఉంది. చెన్నైలో కళాక్షేత్ర అనే కళా సంస్థ ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. 2024లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ప్రకటిస్తే, ఆయన మాటలు నచ్చక రంజని, గాయత్రి అనే అక్కచెల్లెళ్ళతో పాటు మరికొందరు కళాకారులు ఆ ఏటి సభలకు రామన్నారు. ఇన్ని దెబ్బలు తగిలినా ఆయన కచేరీలు ఆగలేదు. ఆయన పుట్టిన కులం, పేరు, చదువు ఆయనకు అండ. మన డప్పు పిల్లవాడికి ఆ అండ లేదు. ఒకే మాటకు ఇద్దరూ ఒకే మూల్యం చెల్లించరని గుర్తుపెట్టుకోండి.

తమిళ దళిత ర్యాపర్ అరివు సంగతి కొంచెం వేరు. ఆయన రాసి, పాడిన 'ఎంజాయ్ ఎంజామీ' పాట 2021లో దేశమంతా మోగింది. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రంలో ఆయన తోటి కళాకారులు ఉన్నారు, ఆయన లేడు. దర్శకుడు పా.రంజిత్ మొదలుకొని చాలామంది ఊరుకోలేదు. పత్రిక ఆ తర్వాత ఆయనతో ఇంకో ముఖచిత్రం వేసింది. కులం ఎందుకు తెస్తారని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు గానీ, ఈసారి వాళ్ళ మాట నెగ్గలేదు.

అంటే వినేవాళ్ళ చేతిలో కూడా కొంత ఉంది. 1939లో వాషింగ్టన్‌లో మేరియన్ ఆండర్సన్ పాడటానికి ఒక మహిళా సంఘం తమ హాలు ఇవ్వలేదు, ఆమె నల్లజాతి మనిషి అని. అప్పటి అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘానికి రాజీనామా చేసింది. ఏప్రిల్ 9న లింకన్ స్మారకం మెట్ల మీద ఆండర్సన్ పాడితే వినడానికి 75,000 మంది వచ్చారు.

చిన్నవాడు ఇంకోటి అడిగాడు, తప్పు మాట్లాడిన పాటగాడి పాటలు వినొచ్చా అని. 2021 ఫిబ్రవరిలో మోర్గాన్ వాలెన్ అనే కంట్రీ గాయకుడు నల్లవాళ్ళను తిట్టే మాట అన్న వీడియో బయటికి వచ్చింది. రేడియోలు ఆయన పాటలు ఆపాయి, ఆయన ఆల్బమ్ అమ్మకాలు మాత్రం పెరిగాయి. నేనైతే కొనను. వినాలా వద్దా అన్నది నువ్వు నిర్ణయించుకో నాయనా. కానీ ఆ తిట్టు తగిలిన మనుషులు ఏమంటున్నారో అది కూడా విని నిర్ణయించుకో.

ఇప్పుడు మీతో ఒక పని ఉంది. ఈసారి గణపతి ఊరేగింపుకు డీజే వద్దు, డప్పు దళం కావాలని మండలి వాళ్ళను ఒప్పించాను. కూలి ముందే మాట్లాడుకున్నాం, భోజనం అందరితో పాటే. చందా ఇచ్చినవాళ్ళ పేర్లు ఏటా కరపత్రంలో అచ్చేస్తాం కదా, ఈసారి వాయించేవాళ్ళ పేర్లు కూడా వేద్దామన్నాను. కొందరు గొణిగారు గానీ కాదనలేదు. దళంలో సగం మంది మీ బడిలో చదివినవాళ్ళే. వాళ్ళను అడిగి, పేర్లు వాళ్ళు ఎట్లా రాసుకుంటారో అట్లాగే తెలుగులోనూ మరాఠీలోనూ రాసి వచ్చే ఆదివారంలోగా పంపండి. సోమవారం ప్రెస్సుకు ఇవ్వాలి.

మీ తాత