ఒకే పేజీ, ఒక్కొక్కరికీ ఒక్కోలా

ఉదయం 10 గంటలకు ఏసీ తత్కాల్ మొదలవుతుంది. ఆధార్‌తో ధ్రువీకరించిన సొంత ఐడీతో ఐఆర్‌సీటీసీలోకి వెళ్లినవాళ్లు ఆ క్షణం నుంచే టికెట్ కోసం కుస్తీ పట్టొచ్చు. ఏజెంటు మాత్రం తన ఐడీతో లాగినై 10:30 దాకా చూస్తూ కూర్చోవాలి. 2025 జూలై నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. సైటు ఒకటే, రైలు ఒకటే, బెర్తులూ అవే. తేడా అంతా లాగినైంది ఎవరన్న దాంట్లోనే ఉంది. (సొంత ఐడీ ఉన్నా టికెట్ దొరుకుతుందా అన్నది వేరే గోడు.)

ఎవరికి ఏది చూపాలన్న పేచీ వెబ్‌సైట్ల కంటే పాతది. 1960లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ నడిచేది. ఒక్క పెద్ద కంప్యూటరును చాలామంది ఒకేసారి వాడుకునేవారు. ఎవరి ఫైళ్లు వాళ్లవేనన్నట్టు ఉండాలని పాస్‌వర్డులు పెట్టారు. ఆ దశాబ్దం మధ్యలో ఒకరోజు, లాగినైన ప్రతివారికీ రోజూ వచ్చే పలకరింపు సందేశానికి బదులు అందరి పాస్‌వర్డుల జాబితా వచ్చింది. అప్పటి టెర్మినళ్లు టైపు మిషన్లలాంటివి కాబట్టి, అది టకటకా కాగితం మీద అచ్చయిపోయింది కూడా. హ్యాకర్లెవరూ లేరు. ఒక నిర్వాహకుడు సందేశం ఫైలును, ఇంకొకరు పాస్‌వర్డుల ఫైలును ఒకేసారి దిద్దుతున్నారు. ఎడిటర్ ప్రోగ్రాం ఇద్దరికీ ఒకే పేరుతో తాత్కాలిక ఫైలు వాడింది, అవి తారుమారయ్యాయి. ఒక డైరెక్టరీలో (అంటే ఫోల్డరులో) ఒకసారి ఒక్కరే పనిచేస్తారని దాన్ని రాసినవాళ్లు అనుకోవడమే కారణం.

తర్వాత యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చి ప్రతి ఫైలుకూ యజమాని, గ్రూపు, మిగతావాళ్లు అని మూడు వర్గాలు పెట్టింది. చిన్న ఆఫీసుకు అది చాలు. వేలమంది పనిచేసే చోట ఒక్కొక్కరి పేరు మీద అనుమతులు రాసుకుంటూ పోతే, బదిలీ అయిన ప్రతిసారీ పాతవి వెతికి తీసేయాలి. ఎవరూ తీయరు. 1992లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చెందిన డేవిడ్ ఫెరాయిలో, రిక్ కున్ దీనికో దారి చెప్పారు. అనుమతులు మనిషికి కాకుండా పాత్రకు ఇవ్వండి, మనిషికి పాత్ర ఇవ్వండి అన్నారు. మనకిది తెలియనిదేం కాదు. తహసీల్దారు బదిలీ అయితే సంతకం చేసే అధికారం కుర్చీతోనే ఉండిపోతుంది, ఆయన వెంట వెళ్లదు. 1996లో రవి సంధు, మరికొందరు ఈ ఆలోచనకు పక్కా నమూనాలు గీశారు. 2004లో అది అమెరికాలో అధికారిక ప్రమాణమైంది.

మామూలు సైట్ల దాకా ఇది ఎలా చేరిందో, బ్లాగులూ సైట్లూ నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో బాగా కనిపిస్తుంది. మొదట్లో అందులో వాడుకరులకు 0 నుంచి 10 దాకా అంకెలుండేవి. అదొక నిచ్చెన. పై మెట్టు ఎక్కిస్తే కింది మెట్ల అధికారాలన్నీ వెంట వచ్చేవి. 2005 డిసెంబరులో వచ్చిన 2.0 వెర్షన్‌తో అంకెల స్థానంలో అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్ అనే పాత్రలు వచ్చాయి. కంట్రిబ్యూటర్ మన మండల విలేకరి లాంటివాడు. వార్త రాస్తాడు, డెస్క్ ఓకే అంటేనే అచ్చవుతుంది.

అదే వర్డ్‌ప్రెస్‌లో ఈజ్_అడ్మిన్ అనే ఫంక్షన్ (కోడులో ఒక పని చేసిపెట్టే ముక్క) ఒకటుంది. పేరు చూసి ‘లాగినైంది అడ్మినేనా’ అని అడుగుతుందనుకుంటాం. అది అడిగేది మాత్రం ‘ఇప్పుడు తెరిచింది అడ్మిన్ వైపు పేజీయేనా’ అని. దాన్ని కాపలాకు పెడితే మామూలు సబ్‌స్క్రైబర్ కూడా దాటేస్తాడు. ఆ పేరు పెట్టడం తప్పేనని నా అభిప్రాయం, ఎన్ని హెచ్చరికలు రాసినా సరే.

దీనికి అన్నలాంటి పొరపాటు ఇంకొకటుంది, బటన్ దాచేసి తాళం వేశామనుకోవడం. మెనూలో ‘డిలీట్’ కనిపించకపోతే ఏం, దాని చిరునామా నేరుగా కొడితే సర్వర్ ఒప్పుకుంటుందా లేదా అన్నదే లెక్క. అనుమతుల తనిఖీలో లోపాలు వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ ప్రమాదాల జాబితాలో 2017లో 5వ స్థానంలో ఉండి, 2021కి మొదటి స్థానానికి ఎక్కాయి.

సర్వర్ సరిగ్గా అడిగినా మధ్యలో క్యాష్ (పేజీ త్వరగా ఇవ్వడానికి కాపీ దాచుకునే చోటు) ముంచొచ్చు. 2015 క్రిస్మస్ రోజు కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ సైటులో, ఒకరి కోసం తయారైన పేజీని దాచిపెట్టుకున్న క్యాష్ దాన్ని ఇంకొకరికి వడ్డించింది. ఎవరో కొన్న ఆటలు, వాళ్ల ఈమెయిల్, బిల్లింగ్ చిరునామా వేరేవాళ్ల తెర మీద ప్రత్యక్షమయ్యాయి. సుమారు 34,000 మందిపై ప్రభావం పడిందని దాన్ని నడిపే వాల్వ్ సంస్థ చెప్పింది. పాత్రలు చూసుకుని పేజీ మార్చే సైట్లలో లాగినైనవాళ్ల పేజీలను క్యాష్‌కు దూరంగా ఉంచేది ఇందుకే.

ఇక వర్డ్‌ప్రెస్ అంకెల విషయం. పోయాయన్నది పైకే. పాత ప్లగిన్లు (సైటుకు అదనంగా తగిలించే ప్రోగ్రాములు) ఆగిపోకుండా వాటిని లోపల అలాగే ఉంచారు. ఇవాళ కొత్తగా సైటు పెట్టి డేటాబేస్ తెరిచినా, అడ్మిన్ వివరాల్లో యూజర్ లెవెల్ దగ్గర 10 అనే ఉంటుంది.