గోలీ ఆపిన పక్ ఎటు పోవాలి?

2010 ఫిబ్రవరి 28, వాంకూవర్. వింటర్ ఒలింపిక్స్ పురుషుల ఐస్ హాకీ ఫైనల్లో అమెరికాపై కెనడా 2–1తో ముందుంది. ఆట ముగియడానికి అర నిమిషం కూడా లేదు. అమెరికా ఆటగాడు ప్యాట్రిక్ కేన్ కొట్టిన పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ల) మధ్యలో ఒకరికి తగిలి దిశ మార్చుకుంది. అయినా కెనడా గోలీ (గోల్‌కీపర్) రొబెర్టో లువాంగో దాన్ని ఆపాడు. కానీ అది ఆయన ముందే పడింది. అక్కడ కాచుకుని ఉన్న అమెరికా ఆటగాడు జాక్ పరీసే వెంటనే వలలోకి నెట్టేసి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైంలో సిడ్నీ క్రాస్బీ గోల్ కొట్టి కెనడాను గట్టెక్కించాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే లువాంగోకు జీవితాంతం అదే మాట వినిపించేది.

గోలీకి తగిలి తిరిగొచ్చే పక్‌ను రీబౌండ్ అంటారు. స్కోరు పట్టికలో ‘సేవ్’ అని ఒక అంకె పడుతుంది. ఆపాక పక్ ఎటు పోయిందో అందులో ఉండదు. నన్నడిగితే గోలీ పనితనం తెలిసేది అక్కడే.

పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల. వ్యాసం 7.6 సెం.మీ., మందం 2.5 సెం.మీ., బరువు 156 నుంచి 170 గ్రాములు, అంటే ఇంచుమించు క్రికెట్ బంతి బరువు. 170 గ్రాముల పక్ గంటకు 160 కి.మీ. వేగంతో వస్తే దాని గతిజ శక్తి సుమారు 168 జౌళ్లు. దెబ్బకు నొక్కుకుపోయిన రబ్బరు మళ్లీ మామూలు ఆకారానికి వచ్చేటప్పుడు ఆ శక్తిలో కొంత తిరిగి ఇస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. రబ్బరు చల్లగా ఉంటే తిరిగి ఇచ్చేది తగ్గుతుంది. అందుకే ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లకు పక్‌లను ముందే ఫ్రీజర్‌లో పెట్టి, ఆట మధ్యలో వేడెక్కినవాటిని మారుస్తుంటారు.

రబ్బరు తిరిగి ఇచ్చే శక్తిని గోలీ చూసుకోవాలి. ఒక దారి, మింగేయడం. వేగంగా వచ్చిన క్యాచ్‌ను ఫీల్డర్ చేతులు వెనక్కి లాగుతూ పట్టినట్టే ఇదీ. 2 సెంటీమీటర్లలో ఆగాల్సింది 20 సెంటీమీటర్లలో ఆగితే సగటు బలం పదో వంతుకు పడిపోతుంది. ఛాతీకి వచ్చే షాట్‌కు గోలీ భుజాలు ముందుకు వంచి, పొట్ట లోపలికి లాగి, పక్ తగలగానే రెండు చేతులతో దాన్ని పొదివి పట్టుకుంటాడు. ఆ తర్వాత విజిల్, ఫేస్‌ఆఫ్ (ఇద్దరు ప్రత్యర్థుల మధ్య పక్ వదిలి ఆట మళ్లీ మొదలెట్టడం).

కాలి ప్యాడ్‌తో ఇది కుదరదు. మోకాళ్లు మంచుకు ఆనించి కాళ్లు పక్కలకు చాపే ‘బటర్‌ఫ్లై’ భంగిమలో వెనక్కి జరగడానికి చోటుండదు. అందుకని దిశ మార్చాలి. ఎదురుగా వచ్చే పక్‌కు ప్యాడ్‌ను 30 డిగ్రీలు తిప్పి పెట్టామనుకోండి. ప్యాడ్ శక్తిని అసలు మింగకపోతే పక్, అది వచ్చిన గీత నుంచి 60 డిగ్రీలు పక్కకు మళ్లుతుంది. ప్యాడ్‌లోకి దూసుకొచ్చే వేగంలో సగం ఇంకిపోయి, ప్యాడ్ వెంట జారే వేగం అలాగే ఉంటే (ఘర్షణను పక్కన పెడితే) ఆ కోణం సుమారు 79 డిగ్రీలు అవుతుంది. అంటే దాదాపు అడ్డంగా, మూలకు పోతుంది. మెత్తటి ప్యాడ్ వేగం తగ్గించడమే కాదు, దారి కూడా మళ్లిస్తుందన్నమాట.

1896లో మాంట్రియల్‌లో జరిగిన స్టాన్లీ కప్ (ఐస్ హాకీలో పేరున్న ట్రోఫీ) పోరుకు విన్నిపెగ్ గోలీ జార్జ్ మెరిట్ కాళ్లకు కట్టుకొచ్చినవి సాక్షాత్తు క్రికెట్ ప్యాడ్లే! తర్వాత హామిల్టన్‌లో ఎమిల్ కెనెస్కీ కుట్టిన తోలు ప్యాడ్లు వచ్చాయి. ఆ కాలపు ప్యాడ్లలో జింక వెంట్రుకలు కుక్కేవారు. తడిసి బరువెక్కేవి గానీ పక్ అక్కడే చతికిలబడేది. ఇప్పటి ఫోమ్ ప్యాడ్లు తేలిక, పైగా పక్‌ను దూరంగా చిమ్ముతాయి. ముందు నిలబడ్డ ప్రత్యర్థులను దాటి పోతుందని కొందరు గోలీలకు ఇదే ఇష్టం. కోణం సరిగ్గా లేనప్పుడు మాత్రం ఇది జూదమే. దూరంగా ఉన్నవాడికి రెండో షాట్ మనమే అందించినట్టవుతుంది.

నేల మీద వచ్చే షాట్లకు కర్ర ఉంది. దాన్ని బిగించి పట్టుకోకుండా, పాదాలకు కాస్త ముందుగా ఉంచితే దెబ్బకు వెనక్కి తగ్గే వీలుంటుంది. బ్లేడ్‌ను కొంచెం వెనక్కి వాల్చి పక్కకు తిప్పితే పక్ దాని మీదుగా ఎగిరి మూలకు పోతుంది. చెక్ గోలీ డొమినిక్ హాషెక్ అయితే ఒక్కోసారి కర్రే వదిలేసి ఆ చేత్తోనే పక్‌ను అందుకునేవాడు. పిల్లలకు ఏ కోచ్ అయినా ఇది నేర్పుతాడా అంటే, అనుమానమే. 1998 నాగానో ఒలింపిక్స్‌లో చెక్‌ జట్టుకు స్వర్ణం దక్కడంలో ఆయనదే పెద్ద చెయ్యి.

సాధన మొదట్లో షాట్లు నెమ్మదిగా ఉండాలి. వేగం పెరిగితే టెన్షన్‌లో ఆపడమే గొప్పయి, కోణం సంగతి గుర్తుండదు. పక్ ప్యాడ్‌ను తాకేదాకా, తాకాక అది పోయేదాకా చూపు దాని మీదే ఉండాలి. అది కుడికి పోయిందా, ముందు తల అటు తిరగాలి. ఆ వెంటనే ఎడమ మోకాలు లేపి, ఎడమ స్కేట్ అంచుతో మంచును తన్ని కుడికి జరగాలి. కుడి కాలు లేపితే తన్నుకోవడానికి ఆధారం ఉండదు, పైగా ఆ కాలి కింద ఖాళీ ఏర్పడుతుంది. రెండో షాట్ వచ్చేది సరిగ్గా అటువైపు నుంచే.