గద ఒకటే, వంశాలు ఎన్నో: క్లవేరియా పేరు వెనుక కథ

పాత శిలీంధ్ర పుస్తకాల్లో క్లవేరియా పర్పూరియా అని కనిపించే ఊదారంగు శిలీంధ్రం ఇప్పుడు అల్లోక్లవేరియా పర్పూరియా. క్లవేరియా పిస్టిలారిస్ ఎప్పుడో క్లవేరియాడెల్ఫస్ పిస్టిలారిస్ అయిపోయింది. క్లవేరియా మిలిటారిస్ కోసం వెతికితే కార్డిసెప్స్ దగ్గర తేలుతుంది. పని లేక పేర్లు మారుస్తున్నారని విసుక్కునేవాళ్లు ఉన్నారు. ఆ విసుగులో న్యాయం ఉంది గానీ, తప్పు ఈ తరానిది కాదు. 270 ఏళ్ల కిందట ఆకారం చూసి ఒకే గంపలో పోసినవాటిని ఇప్పుడు కూర్చుని ఏరుతున్నారు, అంతే.

లాటిన్‌లో 'క్లావా' అంటే గద. క్లవేరియా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు సెబాస్టియన్ వయాన్‌ది. 1753లో లిన్నేయస్ 'స్పీసీస్ ప్లాంటారమ్'లో ఆ పేరును స్వీకరించి, దాని కింద 8 జాతులు పెట్టాడు. టోపీ, మొప్పలు లేకుండా నిటారుగా పొడుచుకొచ్చేవన్నీ అందులోకి వచ్చాయి. రోకలిలా ఉన్నదానికి పిస్టిలారిస్ అని పేరు పెట్టాడు, 'పిస్టిలమ్' అంటే రోకలే. పగడంలా కొమ్మలు వేసినది కోరలాయిడిస్. కుళ్లిన చెక్క మీద నల్లగా మొలిచే హైపోజైలాన్, పురుగు ప్యూపాల ఒంట్లోంచి నారింజ రంగులో లేచే మిలిటారిస్ కూడా అదే వరసలో చేరాయి. అప్పటికి శిలీంధ్రాలను మొక్కల్లోనే లెక్కేసేవారు. పైరూపం తప్ప మరో ఆధారం లేని రోజుల్లో ఇంతకన్నా మెరుగ్గా ఎవరు సర్దగలరు?

నిజానికి ఆ 8 జాతులూ ఒకే తెగవి కూడా కావు. 1837లో ఫ్రాన్స్‌కు చెందిన లెవెయె బెసీడియం అనే కణాన్ని స్పష్టంగా వివరించాక విషయం తేటపడింది. కొన్ని శిలీంధ్రాలు సిద్ధబీజాలను బెసీడియం కొసన బయటికి మోస్తాయి, మరికొన్ని ఆస్కస్ అనే తిత్తి లోపల దాస్తాయి. రోకలి, పగడం మొదటి తెగవి. హైపోజైలాన్, మిలిటారిస్ రెండోవి. ఈ రెండు తెగలు పదుల కోట్ల ఏళ్ల కిందటే విడిపోయాయి. పైగా బెసీడియం కణం కూడా గద ఆకారంలోనే ఉంటుంది. అందుకే పాఠ్యపుస్తకాల్లో 'గద శిలీంధ్రాలు' అంటే టోపీ పుట్టగొడుగులతో సహా మొదటి తెగ మొత్తం. ఒకే మాట ఒకచోట కంటికి కనిపించే గదను, ఇంకోచోట సూక్ష్మదర్శిని కింది గదను చెబుతుంది. చదివేవాళ్లు తికమక పడటంలో వింతేముంది!

మళ్లీ కాస్త వెనక్కి వెళితే, 1790లో డెన్మార్క్‌కు చెందిన హోమ్‌స్కోల్ చేత్తో రంగులద్దిన అందమైన చిత్రాలతో ఈ శిలీంధ్రాలను ప్రచురించాడు. తెల్లగా, పట్టుకుంటే పుటుక్కున విరిగే ఒకదానికి ఫ్రాజిలిస్ అని పేరు పెట్టింది ఆయనే. 1797లో శిలీంధ్ర శాస్త్రవేత్త పెర్సూన్ గద ఆకారపు శిలీంధ్రాల మీదే ప్రత్యేకంగా లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. 1821లో స్వీడన్‌లో ఎలియాస్ ఫ్రైస్ శిలీంధ్ర వర్గీకరణకు కొత్త పునాది వేశాడు. ఆ పునాది ఎంత గట్టిదంటే, 1910లో బ్రసెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ చాలా శిలీంధ్రాల పేర్లకు 1821నే ఆరంభ సంవత్సరంగా ఖాయం చేసింది. దాంతో హోమ్‌స్కోల్ లాంటి పాతవాళ్ల పేర్లకు సొంత కాళ్లు లేకుండా పోయాయి. 1981లో సిడ్నీ మహాసభ ఆరంభాన్ని తిరిగి 1753కు జరిపి, ఫ్రైస్ అంగీకరించిన పేర్లకు మాత్రం ప్రత్యేక రక్షణ ఇచ్చింది. పుస్తకాల్లో పేరు పక్కన రెండు చుక్కలు, ఆపైన 'ఫ్రై' అనే పొడి అక్షరాలు కనిపిస్తే అది ఆ రక్షణ ముద్ర.

గంపను తిరగబోసి నిజంగా ఏరినవాడు మాత్రం ఇ.జె.హెచ్. కార్నర్. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో పనిచేసిన ఈయన కాయం ఆకారాన్ని కాక దాన్ని అల్లిన తంతువులను చూడమన్నాడు. తంతువులు ఒకే రకమా, రెండా, మూడా? గోడలు పలచనా, మందమా? 1932లో వేరే శిలీంధ్రాల మీద మొదలుపెట్టిన ఈ పద్ధతితోనే 1950లో క్లవేరియా, దాని చుట్టాల మీద 700 పేజీలు దాటిన గ్రంథం తెచ్చాడు. నెదర్లాండ్స్‌లో డాంక్ కూడా ఇదే దారిలో నడిచాడు. ప్రజాతులు పెరిగాయి. కానీ పేర్లలో గద మాత్రం పోలేదు, చిక్కంతా అక్కడే.

1933లో డాంక్ పెట్టిన క్లవేరియాడెల్ఫస్ అంటే 'క్లవేరియా సోదరుడు'. 1990ల నుంచి డీఎన్ఏ పోల్చి చూస్తే ఆ సోదరుడు గాంఫేలిస్ అనే వేరే క్రమంలో (కుటుంబాల కన్నా పెద్ద గుంపులో) తేలాడు. క్లవులైనా అంటే 'చిట్టి గద', క్లవులినాప్సిస్ అంటే 'క్లవులైనాను పోలినది'. పోలిక పేరులోనే మిగిలింది. మొదటిది కాంతరెల్లేలిస్ క్రమంలో ఉంటే, రెండోది అసలు క్లవేరియా కుటుంబంలోనే ఉంది. కార్డిసెప్స్ అన్నా గ్రీకు, లాటిన్ కలగలిపి 'గద తల' అనే అర్థం. 2006లో డెంటింగర్, మెక్‌లాక్లిన్ ఊదారంగు పర్పూరియాను విడదీసి 'మరో క్లవేరియా' అనే అర్థంలో అల్లోక్లవేరియా అన్నారు. అది చేరింది హైమెనోకీటేలిస్ అనే మరో క్రమంలో. చుట్టరికం తెగినా ఇంటిపేరు వదలడం లేదు.

నిటారు గద కట్టడం శిలీంధ్రానికి పెద్ద కష్టం కాదు. సిద్ధబీజాలను నేల నుంచి కాస్త ఎత్తుకు లేపి గాలికి వదలడానికి అదొక సులువైన మార్గం. అందుకే వేరువేరు వంశాలు విడివిడిగా, పదేపదే అదే ఆకారానికి వచ్చాయి. కంటికి ఒకేలా ఉన్నంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు.

ఇన్ని చీలికల తర్వాత క్లవేరియా అనే అసలు పేరు ఎవరి దగ్గర ఉండాలి? నిబంధన ప్రకారం నమూనా జాతి, అంటే ఆ పేరుకు ప్రమాణంగా ఎంచిన జాతి, ఎటు వెళితే పేరూ అటే. ఆ నమూనా హోమ్‌స్కోల్ ఫ్రాజిలిసే, చాలా పుస్తకాలు వెర్మిక్యులారిస్ అని రాసిన ఆ తెల్ల పుల్ల. దాని చుట్టూ మిగిలిన కుటుంబాన్ని చూస్తే మరో వింత. టోపీ కింద చక్కగా మొప్పలున్న కమరోఫిల్లాప్సిస్, కిందికి ముళ్లలా వేలాడే మ్యుక్రోనెల్లా డీఎన్ఏ ప్రకారం ఇందులోనే ఉన్నాయి. గద పేరుతో నడిచే కుటుంబంలో, గదతో ఏ పోలికా లేనివి.