పాడెల్ పార్ట్‌నర్ రాలేదా, గోడ ఉంది కదా

పాడెల్, అంటే గ్లాస్ గోడలున్న కోర్టులో ఆడే టెన్నిస్ లాంటి రాకెట్ ఆట, 1969లో మెక్సికోలోని అకాపుల్కోలో పుట్టింది, ఎన్రిక్ కోర్క్వెరా అనే ఆయన తన ఇంటి దగ్గర కట్టించుకున్న కోర్టులో. ఇప్పుడు అందరూ దీన్ని నలుగురి ఆటగానే చూస్తారు, ఒకరు రాకపోతే బుకింగ్ క్యాన్సిల్ చేసేస్తారు. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ గోడ ప్రాక్టీస్ కోసం పెట్టింది కాదు, ఆటలోనే భాగం, కాబట్టి ఒక్కరే గోడతో గడిపే టైమ్ అంతా మ్యాచ్‌లో పనికొస్తుంది.

ముందు బాల్ సంగతి. రూల్ ప్రకారం 2.54 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే అది 135 నుంచి 145 సెంటీమీటర్లు లేవాలి. లెక్క కడితే నేలకి తగిలాక స్పీడ్‌లో దాదాపు ముప్పావు వంతే మిగులుతుంది. తర్వాత గ్లాస్‌కి తగిలితే మళ్ళీ కొంత పోతుంది, అంటే మన దగ్గరికి వచ్చేసరికి బాల్ బాగా నెమ్మదిస్తుంది. కొత్తవాళ్ళు ఇది నమ్మరు, కంగారుపడి గ్లాస్‌కి తగలకముందే కొట్టేస్తారు. చేత్తో బాల్ విసిరి, నేలమీద ఒక బౌన్స్ పడి వెనక గ్లాస్‌కి తగిలేలా చూడండి, పక్కకి తిరిగి దాన్ని మీకంటే కొంచెం ముందుకి రానిచ్చి అప్పుడు కొట్టండి. ఎంత టైమ్ ఉందో ఒంటికే తెలుస్తుంది.

స్పిన్ ఇంకా మజా. టాప్‌స్పిన్‌తో, అంటే ముందుకి దొర్లుతున్నట్టు తిరుగుతూ, గోడని తాకే బాల్ ముందు భాగం కిందికి తిరుగుతూ ఉంటుంది, దాంతో రాపిడి బాల్‌ని పైకి తోస్తుంది, అది లేచి వస్తుంది. స్లైస్, అంటే బాల్ వెనక్కి తిరిగేలా కోసినట్టు కొట్టే షాట్, అయితే రివర్స్, గోడ నుంచి కిందికి జారిపోతుంది. పాడెల్‌లో స్లైస్‌కి అంత విలువ అందుకే. రెండూ గోడకి కొట్టి చూడండి, కళ్ళముందే తేడా కనిపిస్తుంది.

అయితే ఒకే షాట్‌ని వరసపెట్టి కొట్టకండి. 1979లో షే, మోర్గాన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద ఒక ప్రయోగం చేశారు. మూడు రకాల కదలికల్ని ఒక్కొక్కటిగా పూర్తిచేస్తూ నేర్చుకున్నవాళ్ళు ప్రాక్టీస్‌లో బాగా చేశారు, కలిపి కలిపి నేర్చుకున్నవాళ్ళు అప్పుడు తడబడ్డారు గానీ 10 రోజుల తర్వాత పరీక్షిస్తే వీళ్ళకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి ఒక ఫోర్‌హ్యాండ్, ఒక బ్యాక్‌హ్యాండ్, మధ్యలో ఒక సర్వ్, ఇలా కలపండి. తప్పులు ఎక్కువవుతాయి, పర్లేదు.

గోడతో ఒక ఇబ్బంది ఉంది, మీరు కొట్టిందే తిరిగొస్తుంది, ఎదుటివాడి భుజం, రాకెట్ చూసి ముందే కనిపెట్టడం దానితో రాదు. దానికి కొంతవరకు మందు కార్నర్. కేరమ్ బోర్డు మూలలో స్ట్రైకర్‌లాగే, రెండు గ్లాసులు కలిసే చోట బాల్ కొన్ని సెంటీమీటర్లు అటూఇటూ అయితే ముందు తాకే గోడే మారిపోతుంది, దారి కూడా మారుతుంది. అక్కడికి విసిరి, ఎటు వస్తుందో చూసి కాళ్ళు కదపండి.