సీసా మీది చిన్న గడి

పోలియో చుక్కల సీసాను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? దాని మీద ఊదారంగు చక్రం, అందులో తెల్లటి బుల్లి గడి ఉంటాయి. వేడి తగిలేకొద్దీ గడి రంగెక్కుతుంది. మళ్లీ ఐసులో పెట్టినా తెల్లబడదు. గడి, చక్రం ఒకే రంగులోకి వచ్చాయంటే ఆ మందు పారేయాల్సిందే. చుక్కలు వేసేముందు ఏఎన్‌ఎం సీసా తిప్పి చూసేది దీన్నే.

టీకా కనిపెట్టడం ఒకెత్తు, అది చెడకుండా ఊరి చివరి ఇంటిదాకా చేర్చడం ఒకెత్తు. నన్నడిగితే రెండోదే కష్టం. మన దేశంలో 1978లో మొదలైన టీకాల కార్యక్రమం చాలావరకు పట్టణాలు దాటలేదు. 1985లో దాన్ని సార్వత్రికం చేసి, తట్టు టీకాను కలిపి, విడతలవారీగా అన్ని జిల్లాలకూ తీసుకెళ్లారు.

వేళ తప్పినా ఇబ్బందే. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాకే ఎందుకంటే, అంతకుముందు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో ఇంకా ఉంటాయి. టీకాలోని బలహీన వైరస్‌ను కూడా అవి అణిచేస్తాయి. అలాగని ఆలస్యం చేస్తే, అవి కరిగిపోయాక బిడ్డకు అడ్డేమీ ఉండదు.

ఇక పోలియో. సహజ వైరస్‌తో దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. 2014లో పోలియో రహిత ధ్రువీకరణ దక్కింది. "లేని జబ్బుకి సూదెందుకు?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడగడంలో తప్పేం లేదు. జవాబు 2016లో హైదరాబాద్ మురుగునీటిలో దొరికింది.

చుక్కల మందులో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. అది మలంతో బయటికొస్తుంది. టీకా పడని పిల్లలు ఎక్కువున్న చోట ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, అరుదుగా మళ్లీ బలం పుంజుకుంటుంది. అందుకే ఆ ఏడాది ఏప్రిల్‌లో చుక్కల మందులోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. కొన్ని వారాలకే ఆ రకమే, టీకా నుంచి పుట్టిన రూపంలో, నగరపు మురుగు నమూనాలో బయటపడింది. ఒక్క బిడ్డకూ కాలు పడిపోలేదు. అయినా ఆగలేదు. జూన్‌లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకు సూదిమందు వేశారు. మామూలు మోతాదు 0.5 మిల్లీలీటర్లు. చర్మం పొరలోకి వేస్తే 0.1 చాలు, కాబట్టి ఒకరి మందు అయిదుగురికి సరిపోయింది.

ఇప్పటికీ నెలన్నరకు, మూడున్నర నెలలకు, తొమ్మిదో నెల నిండాక పిల్లలకు పోలియో కోసం వేసే సూది అదే.